ఆడిన ఆట గురించి రాయడం ఎలా: సరిహద్దు జిల్లాల తెలుగు యువతకు కొన్ని సూచనలు

ఒక వీడియో గేమ్ ఆడి ముగించాక దాని గురించి ఎవరైనా అడిగితే మనలో చాలామంది "సూపర్‌గా ఉంది" అనో, "బోర్ కొట్టింది" అనో చెప్పి ఊరుకుంటారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. కానీ విన్నవారికి దానివల్ల ఆట గురించి తెలిసేదేమీ లేదు, ఏడాది తిరిగేసరికి చెప్పినవారికే అది ఎందుకు నచ్చిందో గుర్తుండదు. ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఒడిశాలో ఉన్న రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వంటి ఊళ్లలో ఇంట తెలుగు, బడిలో ఒడియా లేదా ఇంగ్లీషు, ఫోనులో ఈ మూడూ కలిసిన మాటతో పెరుగుతున్న పిల్లలు ఆటల గురించి గంటల తరబడి మాట్లాడుకుంటారు. ఆ మాటల్లో చక్కని పరిశీలన ఉంటుంది, కోపం ఉంటుంది, అభిమానం ఉంటుంది, కానీ అవి కాగితం మీదికి రావడం లేదు. ఇటీవల ఆడిన ఆటపై సొంత అభిప్రాయాన్ని ఒకటి రెండు పేజీల్లో తెలుగులో రాసుకోవాలనుకునేవారికి ఈ సూచనలు ఉపయోగపడతాయన్న నమ్మకంతో రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఒక విషయం మనసులో స్థిరపరచుకోవాలి. సినిమా గురించి రాసేవారు తెర మీద ఏం జరిగిందో రాస్తారు. ఆట గురించి రాసేవారు మాత్రం తెర మీద జరిగినదానితో పాటు తాము ఏం చేశారో, ఆట తమచేత ఏం చేయించిందో కూడా రాయాలి. ఈ రెండో భాగం లేకపోతే మిగిలేది కథ సారాంశం మాత్రమే, అది ఎక్కడైనా దొరుకుతుంది. మీ వేళ్లు చేసిన పని, ఆ సమయంలో మీ మనసులో మెదిలిన ఆలోచన మీరు రాస్తే తప్ప మరెక్కడా దొరకవు.

ఎప్పుడు రాయాలి, మొదట ఏం రాయాలి

ఆట ఆపిన రోజునే, పడుకునేలోపే నాలుగు ముక్కలు రాసుకోవడం మంచిది. ముఖ్యంగా ఆ ఆట గురించి ఇతరులు చేసిన వీడియోలు చూడకముందే రాయాలి. ఎవరో గట్టిగా, నమ్మకంగా చెప్పిన మాట ఒకసారి చెవిన పడితే అది మన అభిప్రాయమే అనిపించడం మొదలవుతుంది, ఆ తరువాత మనదేదో, వారిదేదో విడదీయడం కష్టం. మీ మాట రాసి పెట్టుకున్నాక ఎన్ని వీడియోలైనా చూడవచ్చు.

ఆట పేరు కింద మూడు సంగతులు తప్పక ఉండాలి: దేని మీద ఆడారు, ఎంతవరకు ఆడారు, ఎంత ఖర్చయింది. ఇవి లాంఛనం కోసం కాదు. ఒకే ఆట ఒక కంప్యూటరు మీద సెకనుకు 60 ఫ్రేములతో, అంటే 60 బొమ్మలతో నడిస్తే తెర మీది బొమ్మ సుమారు 17 మిల్లీసెకన్లకు ఒకసారి మారుతుంది, పాత ఫోనులో 30 ఫ్రేములకు పడిపోతే 33 మిల్లీసెకన్లకు ఒకసారి మారుతుంది. గోడ నుంచి గోడకు దూకే ఆటలో ఈ తేడాకు వేలు తడబడుతుంది. వేసవి మధ్యాహ్నం రాయగడలో ఫోను వేడెక్కి ఆట నత్తనడక నడిస్తే, ఆ లోపం ఆటదా, ఫోనుదా, వాతావరణానిదా అన్నది చదివేవారికి తెలియాలి. అలాగే ఆట పూర్తి చేయలేదన్న కారణంతో రాయడం మానుకోనక్కరలేదు. ఎక్కడ వదిలేశారో, అక్కడే ఎందుకు వదిలేశారో నిజాయితీగా రాస్తే అది పూర్తి చేసినవారి మాట కన్నా ఒక్కోసారి ఎక్కువ ఉపయోగపడుతుంది. ఖర్చు విషయంలో, ఉచితంగా దొరికిన ఆట అయితే అది డబ్బు ఏ ఘట్టంలో అడిగిందో, ఇవ్వకపోతే ముందుకు సాగనిచ్చిందో లేదో గమనించి రాయాలి.

చేతులు చేసిన పనిని రాయడం

ఈ వ్యాసంలో అసలైన విషయం ఇదే కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. ఆటలో మీకు బాగా గుర్తున్న ఒక్క ఘట్టాన్ని ఎంచుకోండి. అది చివరి బాస్‌తో, అంటే ఆట చివర ఎదురయ్యే పెద్ద శత్రువుతో యుద్ధమే కానక్కరలేదు. ఆ ఘట్టంలో తెర మీద ఏముంది, మిమ్మల్ని ఏం చేయమంది, మీరు ఏం చేశారు, అప్పుడు ఏమనిపించింది అన్న వరుసలో రాయండి.

2018లో వచ్చిన ఫ్లోరెన్స్ అనే చిన్న ఆట దీనికి చక్కని ఉదాహరణ. ఇది ఫోనులో ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది. ఫ్లోరెన్స్ అనే యువతి, క్రిష్ అనే చెల్లో వాద్యకారుడి మధ్య పరిచయం, ప్రేమ, ఎడబాటు ఇందులో కథ. "ఇద్దరు ప్రేమించుకుని విడిపోయారు" అని రాస్తే ఈ ఆట గురించి ఏమీ చెప్పనట్టే. ఇందులో మాటలు వినిపించవు. ఇద్దరూ మొదటిసారి కలిసినప్పుడు ఫ్లోరెన్స్ మాట్లాడాలంటే, ఆమె తల పక్కన ఉన్న మాటల బుడగలో విడివిడి ముక్కలను వేలితో జరిపి అతికించాలి. మొదట్లో ముక్కలు ఎక్కువగా ఉంటాయి, ఏది ఎక్కడ పెట్టాలో వెతుక్కోవాలి. కొత్తవారితో మాట్లాడేటప్పుడు మాట కూడదీసుకోవడం ఎంత కష్టమో వేలికి తెలుస్తుంది. చనువు పెరిగేకొద్దీ ముక్కలు తగ్గుతూ పోతాయి, మాట సులువుగా వచ్చేస్తుంది. తరువాత ఇద్దరికీ తగవు వచ్చినప్పుడు ఆ ముక్కల అంచులు కోసుగా మారిపోతాయి, ఎదుటివారి కన్నా ముందే మాట అనేయాలన్న తొందర మనలోనూ పుడుతుంది. క్రిష్ ఆమె ఇంటికి మారినప్పుడు అలమరలో ఎవరి సామాను ఉంచాలో, ఎవరిది తీసేయాలో నిర్ణయించేది మనమే. అతను వెళ్లిపోయేటప్పుడు అతని సామాను సర్దేదీ మనమే. ఈ చిన్న పనులను వరుసగా రాస్తే చాలు, "మనసును కదిలించింది" అన్న మాట విడిగా రాయవలసిన అవసరమే రాదు.

పాత ఆటకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది. 1989 నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియాలో రాకుమారిని రక్షించడానికి ఉన్న గడువు ఒక్క గంట. ముళ్ల గుంటలో పడి చనిపోతే ఆ దశ మొదటికి వెళ్తాము, కానీ గడియారం మాత్రం వెనక్కి తిరగదు. ఈ ఒక్క నియమం వల్ల ప్రతి గుంట దగ్గరా మనసు రెండుగా చీలుతుంది: జాగ్రత్తగా అడుగు వేస్తే సమయం పోతుంది, పరుగెత్తితే ప్రాణం పోతుంది. ఆ రాకుమారుడు నిజమైన మనిషిలా పరుగెత్తడానికి కారణం, దాన్ని తయారుచేసిన జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడి పరుగును, గెంతులను వీడియో తీసి, ఆ కదలికల మీదుగా బొమ్మలు గీయడం. ఇలాంటి సంగతి తెలిస్తే రాయండి, కానీ అది మీ అనుభవానికి అతుక్కుని ఉండాలి. ఆ బొమ్మకు నిజమైన శరీరం ఉన్నట్టు అనిపించడం వల్లనే ముళ్ల మీద పడినప్పుడు చూసేవారు ఉలిక్కిపడతారు. అలా కలపలేని సమాచారాన్ని వదిలేయడమే మేలు.

కష్టం, అన్యాయం ఒకటి కావు

కోపంతో రాసే అభిప్రాయాల్లో ఎక్కువగా కనిపించే లోపం, కష్టమైన ఆటను చెడ్డ ఆట అనడం. ఓడిపోయిన మరుక్షణం మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడగండి: ఎందుకు ఓడిపోయానో నాకు తెలిసిందా? తెలిస్తే అది కష్టమైన ఆట. ఎన్నిసార్లు ఓడినా కారణం అంతుబట్టకపోతే ఆటలోనే ఏదో లోపం ఉంది.

2018లోనే వచ్చిన సెలెస్ట్‌ను తీసుకోండి. మ్యాడలిన్ అనే అమ్మాయి ఒక కొండ ఎక్కడమే ఇందులో కథ. లెక్కలేనన్ని సార్లు పడి చస్తాము, కానీ చచ్చిన మరుక్షణం అదే గదిలో మళ్లీ లేస్తాము, కాబట్టి విసుగు పుట్టే లోపలే రెండో ప్రయత్నం మొదలైపోతుంది. పైకి కనిపించని దయ కూడా ఈ ఆటలో ఉంది: అంచు దాటి గాలిలోకి వెళ్లిన తరువాత కూడా అతి కొద్ది ఫ్రేముల పాటు దూకడానికి అవకాశం ఇస్తుంది. వేలు కొంచెం ఆలస్యమైనా దూకగలిగామని మనకు అనిపించడానికి కారణం అదే. అయినా కష్టమనిపించేవారికి ఆట వేగం తగ్గించుకునే, చావే లేకుండా చేసుకునే ఏర్పాటు కూడా ఉంది. ఆ ఏర్పాటు వాడుకుని ఆడినవారు ఆ సంగతి సంకోచం లేకుండా రాయాలి. వాడుకోవడంలో తక్కువతనం ఏమీ లేదు, వాడుకున్నారని తెలిస్తే చదివేవారు మీ మాటను సరిగా అంచనా వేసుకుంటారు.

మన వాసన ఉన్న ఆటలు

మన దేవుళ్లు, మన వంటలు ఉన్న ఆట కనబడగానే పొగిడేయాలన్న ఉత్సాహం సహజం. ఆ ఉత్సాహం మంచిదే, కానీ అభిప్రాయం దానితోనే ఆగిపోకూడదు. 2020లో వచ్చిన రాజీ అనే ఆటను పుణెకు చెందిన చిన్న బృందం తయారుచేసింది. రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముడు గోలూ కోసం రాజీ అనే అమ్మాయి బయలుదేరుతుంది. దుర్గ, విష్ణువు పైనుంచి ఆమె ప్రయాణాన్ని చూస్తూ తమలో తాము మాట్లాడుకుంటారు. గోడల మీది చిత్రాల దగ్గర ఆగితే పురాణ కథలు వినిపిస్తారు. కథలో కొన్ని భాగాలు నీడబొమ్మల రూపంలో సాగుతాయి. ఇక్కడే సరిహద్దు జిల్లాల తెలుగువారు రాయగలిగిన మాట ఒకటి ఉంది. ఆంధ్ర తోలుబొమ్మల్లో రంగుల తోలు గుండా వెలుతురు దిగి బొమ్మ ఎర్రగా, పచ్చగా మెరుస్తుంది. ఒడిశా నీడబొమ్మలాట అయిన రావణఛాయలో బొమ్మకు రంగు లేదు, తెర మీద పడేది నల్లని నీడ మాత్రమే. ఈ రెండు సంప్రదాయాలూ తెలిసిన ఇంట్లో పెరిగినవారు ఆ ఆటలోని నీడబొమ్మలను చూసి, అవి దేనికి దగ్గరగా ఉన్నాయో, ఆ నీడలు కథకు ఏం చేశాయో రాయగలరు. ఆ తరువాత పోరాటాల గురించి కూడా అంతే శ్రద్ధగా రాయాలి. నా మట్టుకు నాకు ఆ ఆటలో నడుస్తూ చూసే భాగాలు ఇచ్చినంత ఆనందం యుద్ధాలు ఇవ్వలేదు, ముగింపు హఠాత్తుగా వచ్చిపడిందనిపించింది. ఇలా చెప్పడం వల్ల దాని మీద ఉన్న అభిమానం తగ్గిపోదు.

2023లో వచ్చిన వెణ్బా అనే ఆట ఇంకా దగ్గరిది. కెనడాకు వలస వెళ్లిన తమిళ కుటుంబంలో తల్లి వెణ్బా, తన అమ్మ ఇచ్చిన వంటల పుస్తకం చూసి వండుతూ ఉంటుంది. పుస్తకం పాతబడి అక్షరాలు చెదిరిపోయి ఉంటాయి కాబట్టి మిగిలినది మనమే ఊహించుకోవాలి. మొదటి వంటే ఇడ్లీ. పిండి పోసిన ఇడ్లీ రేకులను ఎలా పేర్చితే ఆవిరి అన్నిటికీ అందుతుందో ఆలోచించాలి. రోజూ ఇడ్లీ పాత్ర చూసేవారికి ఈ చిక్కుముడి ఎదురుగా కనిపిస్తూనే విడిపోతుంది, ఇడ్లీ రేకు ఎన్నడూ పట్టుకోనివారు అక్కడ తికమకపడతారు. ఈ తేడాను రాయండి. మీ అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆడి, ఆమె ఎక్కడ "అలా కాదు" అన్నారో రాయండి. అంతకన్నా ముఖ్యంగా, ఆ ఆటలో కొడుకు తల్లి భాషకు దూరమవుతూ పెరుగుతాడు. తెలుగు మాట్లాడుతూ, తెలుగు చదవలేక, నాన్నమ్మ పంపిన తెలుగు మెసేజిని ఇంకొకరి చేత చదివించుకునే పిల్లలు మన జిల్లాల్లో ఎంతోమంది ఉన్నారు. వారు ఈ ఆట గురించి రాసే ఒక్క పేజీకి హైదరాబాదులోనో, చెన్నైలోనో రాసే పది పేజీలు సాటి రావని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ముగింపు లేని ఆటలు

బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) లాంటి ఆటకు చివరి దశ అంటూ ఉండదు కాబట్టి మొత్తం ఆట మీద తీర్పు రాయడం కుదరదు. ఒక్క మ్యాచ్ ఎంచుకుని రాయడం మేలు. వందమంది దిగే ద్వీపంలో ప్రాణాలతో ఉండగలిగే వలయం చిన్నదయ్యేకొద్దీ మీ జట్టు తీసుకున్న ఒక నిర్ణయం, దాని ఫలితం రాస్తే చాలు. ఎవరితో ఆడారన్నది ఇందులో సగం అనుభవం. పర్లాకిమిడిలో ఒకరు, పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నంలో ఒకరు, గుణుపురంలో బడి స్నేహితుడు ఒకరు కలిసి ఆడుతున్నప్పుడు మైకులో ఒకరు "వెనక చూడు" అని, ఇంకొకరు అదే మాట ఒడియాలో "పఛకు దేఖ" అని ఒకేసారి అరుస్తారు. ఆ అరుపును అలాగే రాయండి. నెట్‌వర్కు సన్నగిల్లి పింగ్ (మన ఫోను నుంచి సంకేతం ఆట సర్వరుకు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) పెరిగిపోయి ఓడిపోయిన మ్యాచ్‌ను ఆట నాణ్యతకు కొలతగా తీసుకోకూడదు, కానీ మీ ఊళ్లో ఆ ఆట సాఫీగా ఆడడం సాధ్యమా కాదా అన్నది మాత్రం తప్పక చెప్పాలి.

ఏ తెలుగులో రాయాలి

లెవెల్, చెక్‌పాయింట్, సేవ్, బాస్, లాగ్, కంట్రోల్స్ వంటి మాటలను ఆడేవారంతా వాడుతున్నారు కాబట్టి వాటిని తెలుగు లిపిలో అలాగే రాయవచ్చు. వాటికి సంస్కృత పదాలు కట్టి తెస్తే చదివేవారు ఆగిపోతారు. ఒడియా మాట సహజంగా వస్తే దాన్నీ ఉంచండి. జనం నోట ఉన్న తెలుగే రాతలోనూ ఉండాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు ఉపాధ్యాయుడిగా పనిచేసింది పర్లాకిమిడిలోనే. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఆ పట్టణం అటు వెళ్లింది, కానీ అక్కడి ఇళ్లలో తెలుగు వినిపిస్తూనే ఉంది. ఆ ఊరి పిల్లలు రాయడానికి జంకవలసిన పని లేదు. అక్షరాలు కూడబలుక్కుని రాయడం ఇంకా కష్టంగా ఉన్నవారు ఫోను కీబోర్డులో తెలుగు వాయిస్ టైపింగ్ పెట్టుకుని నోటితో చెప్పవచ్చు, తరువాత తెలుగు బాగా వచ్చిన పెద్దవారి చేత దిద్దించుకోవచ్చు. "గ్రాఫిక్స్ అదిరిపోయాయి" లాంటి వాక్యం మీ రాతలో కనిపిస్తే దాన్ని కొట్టేయకుండా, దాని కిందనే ఏ చోట, ఏ రంగు, ఏ వెలుతురు చూసి అలా అనిపించిందో ఒక వాక్యం చేర్చండి.

ఒక నమూనా

పై సూచనల ప్రకారం రాస్తే అభిప్రాయం సుమారుగా ఇలా ఉంటుంది.

"స్టార్‌డ్యూ వ్యాలీ. ఫోనులో, టచ్ మీద ఆడాను. మొదటి వసంతం, వేసవి పూర్తయ్యాయి. తాతగారి పాత పొలానికి వచ్చి వ్యవసాయం మొదలుపెట్టాలి. ఇందులో రోజు ఉదయం 6 గంటలకు మొదలవుతుంది, రాత్రి 2 గంటల లోపు పడుకోకపోతే ఉన్నచోటే సొమ్మసిల్లి పడిపోతాము. మొదటి వారంలో ఈ గడియారం నన్ను కంగారు పెట్టింది. మడులకు నీళ్లు పోసేసరికే శక్తి సగానికి తగ్గేది. విత్తనాలు కొందామని పరుగున వెళ్తే ఆ రోజు బుధవారం, దుకాణానికి సెలవు. చేపలు పట్టడంలో పచ్చ పట్టీని చేప వెంట పైకీ కిందికీ నడపాలి, నా బొటనవేలికి అది ఇప్పటికీ లొంగలేదు. కానీ వేసవిలో స్ప్రింక్లర్లు పెట్టాక ఉదయం పూట చేయవలసిన పని లేకుండా పోయింది. ఆ ఖాళీ సమయంలోనే ఊరివాళ్ల దగ్గరికి వెళ్లి మాట్లాడడం మొదలుపెట్టాను. ఆట నాకు అక్కడి నుంచి నచ్చింది. తొందరగా ఫలితం కావాలనుకునేవారు మొదటి వారం దాటరని అనుకుంటున్నాను. మా మావయ్య మాత్రం పొలం పని చేసి ఇంటికొచ్చి మళ్లీ ఇందులో నీళ్లు పోయడమెందుకని అడిగాడు."

ఇందులో మార్కులు లేవు, నక్షత్రాలు లేవు. అయినా ఈ ఆట ఎవరికి నప్పుతుందో, ఎవరికి నప్పదో తెలిసిపోతోంది. మావయ్య మాట లాంటి ఎదురు అభిప్రాయం దొరికితే దాన్ని తోసిపుచ్చకుండా అలాగే ఉంచాలి. అదే ఆటను అక్క ఒకలా, తమ్ముడు ఒకలా చూస్తే ఇద్దరూ విడివిడిగా రాసి, ఆ తరువాతే ఒకరిది ఒకరు చదవడం మంచిది. కథలో మలుపు బయటపెట్టక తప్పకపోతే ఆ పేరాకు ముందే ఒక హెచ్చరిక వాక్యం పెట్టండి, అది చాలు.

రాసినదాన్ని కొన్ని నెలల తరువాత మళ్లీ చదవండి. అప్పటికి అభిప్రాయం మారి ఉంటే పాత వాక్యాలను చెరిపేయకండి, కింద తేదీ వేసి కొత్త అభిప్రాయాన్ని, అది మారడానికి కారణాన్ని చేర్చండి. ఆటకు కొత్త అప్‌డేట్ వచ్చి నియమాలు మారితే ఆ సంగతి కూడా అక్కడే రాయండి, ఎందుకంటే బీజీఎంఐ, స్టార్‌డ్యూ వ్యాలీ వంటి ఆటలు విడుదలైన నాటి రూపంలో ఇప్పుడు లేవు, మీరు ఏ రూపాన్ని ఆడారో తేదీని బట్టే చదివేవారికి తెలుస్తుంది.